గౌతమి ఆవలి యొడ్డు: యానాము వారసత్వము

(అమలాపురములో జరిగిన స్మారకసభలో చేసిన ఉపన్యాసము)



ఏ మాస్టారుగారి స్మృత్యర్థము మన మిచ్చట చేరితిమో వారు తమ పేరు సభలలో వినబడుటకు ఏనాడును ఇష్టపడినవారు కారు. తమ జ్ఞాపకార్థము జరుగు ఉపన్యాసములో తమ ప్రశంస వలదనియు, మన చుట్టుపట్ల నేలను గూర్చియు, నీటిని గూర్చియు, మనుష్యులను గూర్చియు తెలిసినవా రెవరైన మాటలాడిన చాలుననియు వారు ఇంటివారితో చెప్పియుండిరట. ఆ కోరికను మన్నించి, వారి గుణగణములను వర్ణింపబూనక, చరిత్రపాఠము చెప్పువారికి సహజముగ ప్రీతిపాత్రమగు ఒక యూరిని గూర్చి ప్రసంగింపదలచితిని. ఆ యూరు యానాము. దాని చరిత్రను ఫ్రెంచివారి చరిత్రగా చెప్పుట లోకమున వాడుక అయినది. అది మన చరిత్ర కూడ ననియు, అందు సగపాలు గౌతమిని దాటి పోయి వచ్చిన కోనసీమవారును, తక్కిన గోదావరి ప్రాంతమువారును నడిపినదే యనియు నిరూపించుట నా యుద్దేశము. ఆ సగపాలులో మనకు గౌరవము తెచ్చునవి కొన్ని యున్నవి, తేనివియు ఉన్నవి.

గౌతమి సముద్రమును చేరబోవుచు తన యెడమ వైపున కోరంగి పాయను విడిచిపెట్టు చోట యానాము వెలసియున్నది. దాని విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలనాటికి అందలి జనులు 55,000 పైచిలుకు. నాలుగు వైపుల నున్నది ఆంధ్రప్రదేశమే. నదికి ఈవల మన కోనసీమ జిల్లా, ఆవల కాకినాడ జిల్లా. కాని యానాము పరిపాలనము ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పుదుచ్చేరినుండి సాగును. అచ్చటి వ్యాజ్యము అప్పీలునకు పోవలసివచ్చిన అమరావతికి కాక చెన్నపట్టణమున కేగును. అచ్చటి బండ్లపై ‘పీవై’ అను రెండక్షరము లుండును. ఫరంపేట, కనకాలపేట, గిరియాంపేట, మెట్టకూరు, కురసాంపేట, అడవిపొలము, ఇసుకతిప్ప, దరియాలతిప్ప అను పేళ్లు విన్న నవి మన లంకగ్రామముల పేళ్లవలెనే యున్నవి గాని, నడుమ ఫ్రాన్సుతిప్ప అను పేరొకటి వినబడగానే కొత్తవాడు ఉలికిపడును.

ఒక రాజ్యపు తునక మరియొక రాజ్యపు కడుపులో చిక్కుకొనుట మనకే ప్రత్యేకము కాదు. జర్మనీ దేశపు దక్షిణపు సరిహద్దున రైను నది యొడ్డున బ్యుసింగెన్ అను చిన్న యూరొకటి కలదు. ఎనిమిది చదరపు కిలోమీటర్లు నిండని ఆ జర్మను గ్రామము చుట్టును స్విట్జర్లాండు దేశమే. జనులు సుమారు పదునైదువందలు. అచ్చటి అంగళ్లలో చెల్లు నాణెము స్విస్సు ఫ్రాంకు. తపాలాకు రెండు దేశముల సంఖ్యలు, టెలిఫోనునకు రెండు దేశముల సంఖ్యలు. మొదటి ప్రపంచసంగ్రామము ముగిసిన పిమ్మట 1918లో ఆ యూరివారు నూటికి తొంబదియారుగురు స్విట్జర్లాండులో కలసెదమని సమ్మతి తెలిపిరి. అయినను, బదులుగ ఇచ్చుటకు తగిన నేల దొరకక, ఆ కోరిక నెరవేరలేదు. తుదకు ఉభయ రాజ్యములును ఒడంబడిక చేసికొని 1967 నుండి ఆ యూరిని స్విస్సు సుంకముల పరిధిలో చేర్చినవి. యాత్రికులు ఆ యూరి కొండమీది ప్రాచీన దేవాలయమును చూతురు, రైనులో పడవ యెక్కుదురు. కాని వారిని అంతదూరము లాగుకొని వచ్చునది సరిహద్దు గీతయే. యానామును గూర్చియు నే నిదియే చెప్పుదును. అచ్చటి కట్టడములలో ఘనమైనవి కొన్నియే. గీత వలన కలిగిన జీవితము మాత్రము అపారము.

ఈ గీత ఎట్లేర్పడెను? దానికి మూలము నూలుబట్ట. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో గోదావరి ముఖద్వారముల పొడవునను నేతగాండ్ర పేటలుండెను. ఆ బట్టకై ఐరోపావారు ఒకరి వెంట నొకరు వచ్చిరి. డచ్చివారు నరసాపురము, పాలకొల్లు, ద్రాక్షారామము, జగన్నాథపురములలో కొట్లు పెట్టిరి. ఇంగ్లీషువారు నరసాపురము చెంత మాధవాయపాలెమునను, మన అల్లవరపు సీమలోని బెండమూర్లంకలోను, 1708లో ఇంజరములోను దిగిరి. ఫ్రెంచివారు ఆలసించి వచ్చినవారు. వారు 1723లో యానాములో గిడ్డంగి తెరచి, లాభము లేదని నాలుగేండ్లకే మూసి, మరల 1731లో తెరచిరి. ఇంజరమునకును యానామునకును దూరము రెండు క్రోసులకు మించదు. ఒక ఉదయమున ఇంగ్లీషువారి గుమాస్తా బయానా యిచ్చి పోయిన సాలెవాని గుమ్మములో అదే సాయంకాలము ఫ్రెంచివారి గుమాస్తా నిలిచి రెండు రూపాయలు హెచ్చు పెట్టెదనని యూరించు వ్యాపారమిది. ఈ పోటీలో నేతగాడు కొంతకాలము సుఖపడియుండవచ్చును; పోటీ తీరి ఒక్కడే కొనువాడు మిగిలిన దినమున వాని గతి యేమైనదో మనకు తెలియును.

తరువాతి యర్ధశతాబ్దపు యుద్ధములను నేను త్వరగా దాటెదను. అవి పాఠ్యపుస్తకములలో నున్నవి. 1753లో సలాబతుజంగు ఉత్తరసర్కారులను ఫ్రెంచివారికి వ్రాసియిచ్చుటయు, 1757 జనవరిలో బుస్సీదొర బొబ్బిలికోటను ధ్వంసము చేయుటయు, అదే సంవత్సరము ఇంజరము, బెండమూర్లంక, మాధవాయపాలెము, విశాఖపట్టణముల ఇంగ్లీషు గిడ్డంగులు అతని వశమగుటయు, మరుసటి సంవత్సరము డిసెంబరులో చందుర్తి పొలములలో కర్నల్ ఫోర్డు చేతిలో ఫ్రెంచిసేన యోడిపోవుటయు తెలిసిన సంగతులే. బొబ్బిలి కథను బుర్రకథలలో విని కన్నీరు కార్చు మనము, ఆ కథ జరిగిన యేడే కోనసీమ గడ్డపై బెండమూర్లంకలో ఇంగ్లీషు జెండా దిగి ఫ్రెంచి జెండా యెక్కినదని సాధారణముగ స్మరింపము. చందుర్తి తరువాత ఐరోపాలో సంధి జరిగినప్పుడెల్ల యానాము ఫ్రెంచివారికి వచ్చుటయు, యుద్ధము రేగినప్పుడెల్ల పోవుటయు పరిపాటి యైనది. 1778లో పోయెను, 1785లో వచ్చెను. 1793లో మరల పోయెను. నెపోలియను పతనానంతరము 1817లో తుదిసారిగ చేతికి వచ్చెను. 1814 పారిసు సంధిలో నొక షరతు కలదు: భారతదేశమున తమకు తిరిగి దక్కిన స్థలములలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదు, శాంతిరక్షణకు కావలసిన పాటి బంట్లను తప్ప సైన్యమును ఉంచరాదు. యానాములో కోట యేదని యడుగు యాత్రికునకు సమాధానము ఆ సంధిపత్రమున నున్నది.

ఈ జెండాల మార్పుల నడుమ యానాములో అధికారిగా నుండిన ఒక్క మనుష్యుని మాత్రము విడిచిపెట్టలేను. పియర్ సొన్నెరా అను నాతడు ప్రకృతిశాస్త్రవేత్త. తూర్పు దేశములును, చీనాయు తిరిగి పక్షులను, చెట్లను, జనుల ఆచారములను చిత్రములతో వర్ణించి 1782లో గొప్ప యాత్రాగ్రంథమును ప్రకటించినవాడు. మన కొండయడవులలోని బూడిదరంగు అడవికోడికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను నామమున నేటికిని ఆతని పేరు నిలిచియున్నది. ఫ్రెంచి విప్లవపు గాలి యానాము వంటి మూలకును వీచిన దినములలో అచ్చటి యధికారి యీతడే. 1793లో ఇంగ్లీషువారికి బందీయై రెండు దశాబ్దములు ఫ్రాన్సునకు దూరముగ పుదుచ్చేరిలో గడపెను. యానాములో వీధికొక విగ్రహము నిలుపుచున్న యీ దినములలో ఈతనికొక చిన్న శిలాఫలకమైన పెట్టిన బాగుండును.

యుద్ధములకన్న ఈ తీరమును హెచ్చుగ మార్చినది సముద్రము. 1839 నవంబరు 25వ తేదీని వచ్చిన ఉప్పెన కోరంగిని మింగివైచెను. అంతవరకు కోరంగి ఓడలు కట్టు రేవు. ఓడలను బాగుచేయు స్థలము. బర్మాకును ద్వీపాంతరములకును తెలుగువారు పయనమైన ముఖద్వారము. బర్మాలో తెలుగువానిని ‘కోరంగీ’ యని పిలుచుట ఆ రేవు వలననే. ఆ దెబ్బకు యానామును తట్టుకొనలేకపోయెను. మేట వేసిన ఇసుకతో పాయ పూడిపోవుటయు, పెద్ద యోడలు కాకినాడకు తరలుటయు క్రమముగ జరిగినవి. కోరంగి ప్రాంతమున నేడు మనకు కనబడునది మడయడవి. 235 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించిన అభయారణ్యముగ 1978లో దానిని ప్రకటించిరి.

ఓడలనగనే మరియొక సంగతి చెప్పకతప్పదు. చెఱకుతోటల కూలీలుగ తెలుగువారు మారిషసు ద్వీపమునకు పోవుట 1834 తరువాతి మాట. దానికి ముందే, 1828 మొదలుకొని, యానాము రేవునుండి తెలుగు కూలీలను ఫ్రెంచివారి బూర్బోన్ ద్వీపమునకు, అనగా నేటి రీయూనియనునకు, ఒప్పందముపై తీసికొనిపోయిరి. ఆ తొలి ప్రయత్నము చెడి పలువురు తిరిగి పంపబడిరి. అంతకు పూర్వము 1790 ప్రాంతపు ఘోరక్షామమున, మనుష్యులనే సరకుగ కొని యోడల నెక్కించిన వర్తకులును ఇదే రేవున తిరుగాడిరి. గీత కీవల పట్టుబడు పని గీత కావల నిరాటంకముగ సాగిన మొదటి తార్కాణ మిది. అమ్మినవాడును, పట్టియిచ్చినవాడును ఆవలియొడ్డువారే యని మాత్రము భ్రమపడరాదు.

ఇక గీత వలని మేలు నొకదానిని చూతము. 1871 తరువాత ఫ్రెంచి ఇండియా పారిసులోని ప్రజాప్రతినిధి సభకు ఒక సభ్యుని పంపుచుండెను. 1880లో యానాము కమ్యూను అను పేర ఎన్నికైన పురపాలకసభ గల యూరయ్యెను. మేయరు అనబడు పెద్ద దాని కధిపతి. అమలాపురము, రాజోలు, కొత్తపేటల రైతు శిస్తు కట్టుటయే తప్ప ఓటన నేమో యెరుగని కాలమున, ఆవలిగట్టు చేపలవాడు పారిసు సభకు ప్రతినిధి నెన్నుకొనుటకు ఓటు వేయుచుండెను. ఆ యోటు నిష్కళంకమైనదని చెప్పను; ఐరోపావారికి, దేశీయులకు వేరువేరు జాబితాలుండెను, పుదుచ్చేరి పెత్తందారులు చెప్పిన పేరే పెట్టెలో పడెడిది. 1881 శాసనము ప్రకారము తన కులాచారపు న్యాయమును త్యజించి ఫ్రెంచి న్యాయస్మృతిని స్వీకరించినవాడు చట్టము దృష్టిలో ఫ్రెంచివానితో సమానుడు. అట్లు త్యజించిన తెలుగు కుటుంబముల సంతతివారు నేటికిని ఫ్రెంచి పౌరులై యున్నారు.

ఇప్పుడు మనకు సిగ్గు కలిగించు నధ్యాయమునకు వత్తును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపిరి. అర్ధశతాబ్దము గడచెను. 1929లో శాసనసభవారు శారదా చట్టమును చేసిరి. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునకును పెండ్లి చేయరాదని దాని యాజ్ఞ. అది 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పంతులుగారి గోదావరి మండలమున ఆ చట్టమునకు స్వాగత మెట్లు లభించెను? పెండ్లివారి పడవలు గౌతమికి అడ్డముగ బయలుదేరెను. యానాము బ్రిటిషువారి భూమి కాదు. ఆ చట్టపు చేయి యచ్చటికి చాలదు. దేశీయులను వారి వారి కులాచారముల ననుసరించియే న్యాయవిచారణ చేయుదుమని 1819లో ఫ్రెంచి ప్రభుత్వము మాట యిచ్చియుండెను. మానవహక్కులను లోకమునకు చాటిన రాజ్యము తన పరమతసహనము చేతనే బాల్యవివాహములకు ఛత్రము పట్టినట్లైనది.

ఆ ముహూర్తపు దినముల నొక్కసారి ఊహింపుడు. వైశాఖమాసము, ఏరు సన్నగిలి ఇసుకతిప్పలు తేలియుండును. ఎదుర్లంక రేవున తెల్లవారకముందే పడవలు బారులు తీరియుండును. ఒక పడవలో మేళము. ఒక పడవలో వంటబ్రాహ్మలు, గుండిగలు, కూరల గంపలు. ఒక పడవలో చుట్టములు. పెండ్లికూతురు మేనమామ భుజముపై నిద్రించుచుండును, లేచినచో బొమ్మకై యేడ్చును. ఆవలియొడ్డున అద్దెకు పందిళ్లు, అద్దెకు విడిదియిండ్లు, సిద్ధముగనున్న పురోహితులు. ఒకే లగ్నమునకు ప్రక్కప్రక్కనే పలు పందిళ్లలో తాళి కట్టెడివారట. సాయంకాలమునకు పడవలు వెనుకకు మరలును. ఈవలియొడ్డున దిగునప్పటికి పెండ్లి జరిగిపోయినది, పోలీసువాడు చేయునది లేదు. యానామునకు కల్యాణపురమని పేరు వచ్చినది ఇందువలననే. ఈ పెండ్లిండ్లకు ఆలవాలమైనది అచ్చటి వేంకటేశ్వరస్వామి యాలయము. మీసములతో దర్శనమిచ్చు స్వామి యగుటచే జనులు మీసాల వెంకన్న యని చనవుగ పిలుతురు. ఈవలియొడ్డున మురమళ్లలో వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము, ఆవలియొడ్డున పసివాండ్రకు. దేవుని పెండ్లి చూచి భక్తితో చేతులు జోడించిన కుటుంబమే పడవయెక్కి ఎనిమిదేండ్ల పిల్లకు మెట్టెలు తొడిగించినది.

ఆ పెండ్లిండ్ల వలన యానాము వ్యాపారులు బాగుపడిరి. కాని చెడ్డపేరు మూటగట్టుకొనవలసినది వారొక్కరే కాదు. అచ్చట తాళికట్టించుకొనినవారిలో స్థానికుల పిల్లలకన్న మన పిల్లలే మిక్కుటము. కోనసీమ పాత కుటుంబములలో, రాజోలు తాలూకాలోనైన, కొత్తపేట తాలూకాలోనైన, ‘మా నాయనమ్మ పెండ్లి యానాములో’ అను మాట విననివా రరుదు. ఆ మాటను ముచ్చటగ చెప్పుదురు గాని, ఎందుకు యానాములో అయినదను ప్రశ్న వచ్చునప్పటికి సంభాషణము దారి మళ్లును.

పెండ్లి కాక బేరమునకు పోయినవారును తక్కువ కాదు. మంగళవారపు సంత ప్రసిద్ధము. సుంకము లేని పరదేశపు సరకు అచ్చట చవుకగ దొరకెడిది. కొనినదానిని ఈవలికి దాటించుటయే నేర్పు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో భారతప్రభుత్వమునకును ఫ్రెంచి ఇండియాకును నడుమ సుంకముల యొడంబడిక రద్దుకాగా ఈ దొంగరవాణా మఱింత చెలరేగెను, గట్లపై కాపలాయు హెచ్చెను. దశాబ్దములు గడచి 1995లో ఆంధ్రదేశమున మద్యనిషేధము వచ్చినప్పుడు అదే నదిని, అదే రేవును, అదే నేర్పును మరల చూచితిమి. పన్ను భేదము నేటికిని కలదు. సెలవుదినమున వంతెనపై తూర్పుముఖముగ పోవు వాహనములన్నియు గోదావరి సౌందర్యమునకే పోవుచున్నవని నమ్మువాడు మిక్కిలి సాధువు.

యానాము విమోచన చరిత్రము చిన్నదే యైనను రసవంతమైనది. 1947 అక్టోబరులోనే ఫ్రెంచివారు మచిలీపట్టణము మొదలగు చోట్లనున్న తమ చిల్లర కొట్లను భారతదేశమునకు విడిచిపెట్టిరి. యానామును విడువలేదు. ఫరంపేటలో పుట్టి, పుదుచ్చేరి పోలీసు శాఖలో పనిచేసి, రెండవ ప్రపంచయుద్ధమున స్వేచ్ఛా ఫ్రాన్సు పక్షమున నిలిచిన దడాల రఫేల్ రమణయ్యగారు దానికి పూనుకొనిరి. మేయరు మద్దింశెట్టి సత్యానందముగారు, కామిశెట్టి పరశురామనాయుడుగారు మొదలగు స్థానిక నాయకులు విలీనపక్షము వహించి సరిహద్దు దాటి వచ్చి మన ప్రాంతమునుండియే ఉద్యమమును నడిపిరి. 1954 జూన్ 13వ తేదీని దడాలవారి నాయకత్వమున జనులు సాగిపోయి అధికారి నివాసముపై త్రివర్ణపతాకము నెగురవేసిరి. నవంబరు 1న పరిపాలనము వాస్తవముగ మారెను. ఒడంబడిక 1956 మే 28న వ్రాయబడి, 1962 ఆగస్టు 16న గాని పూర్తిగ చెల్లుబాటు కాలేదు. ఫ్రెంచి పౌరులుగ నుండగోరువారికి ఆరు నెలల గడువిచ్చిరి. భాషను బట్టి యానాము 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున కలియవలసినది కదా యని యడుగువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. యానాము ప్రజలు మాత్రము దూరపు పుదుచ్చేరినే కోరుకొనుచున్నారు. చిన్న యూరికి తనదే యైన శాసనసభా స్థానమును, తనదే యైన నిధియు ఉండగా పెద్ద రాష్ట్రమున నొక మండలముగ మిగులుట కెవరు సమ్మతింతురు? వారి లెక్క సరియైనదే.

చూడదగినవాని మాట కొంచెము చెప్పెదను. సెయింట్ ఆన్ దేవాలయము 1846లో పూర్తియైనది. ఐరోపా పద్ధతి కట్టడము, లోపలి అలంకారసామగ్రిలో కొంత ఫ్రాన్సునుండి తెచ్చినది. తలుపు దాటగనే బయటి వేడి మాయమగును, ఎత్తైన కప్పుక్రింద తెలుగు కీర్తన మ్రోగును. ఫ్రెంచి అధికారి నివాసము నేటికిని పాలనాధికారి కార్యాలయముగ ఉపయోగపడుచున్నది. వెంకన్న ఆలయమును గూర్చి చెప్పియే యున్నాను. ఆ వీధులలోనే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున చదువుకొనిరన్న సంగతి మాత్రము జోడింతును. తెలుగుదేశమంతట గజారోహణములను, అవధానములను చేసిన కవి ఫ్రెంచి జెండా నీడను చదువు మొదలుపెట్టిన బాలుడు. మన కాలమున శిఖామణిగారు ఆ యూరివారే. బొల్లోజు బాబాగారు ఫ్రెంచి పాలననాటి యానామును గూర్చి ప్రత్యేకముగ గ్రంథము వ్రాసిరి.

గోదావరి గట్టున కొత్త ఆకర్షణములు మెండు. రాజీవ్ బీచి అను పేర నదిగట్టును చక్కగ తీర్చిరి. అచ్చట భారతమాత విగ్రహము, ఏనుగులు అభిషేకించు శివలింగము, సాయంకాలపు దీపములు కలవు. సుమారు నూరు మీటర్ల యెత్తుగల ఉక్కు గోపురము నొకదానిని కట్టి దానిని యానాము ఈఫిల్ టవరని పిలుచుకొనుచున్నారు. పై యంతస్తునుండి గౌతమి, లంకలు, కొబ్బరితోటలు, దూరమున సముద్రము కనబడును. ఆ దృశ్యము నిజముగ మనోహరము. కాని పారిసులోని గోపురమునకు నకలు చూపి ఫ్రెంచి వారసత్వమనుట నాకు రుచింపదు. పారిసునకు ఓటు వేసిన చేపలవాని కథను, సొన్నెరా కథను, పెండ్లి పడవల కథను చూపు గది యొక్కటియు ఆ గోపురము క్రింద లేకపోయినప్పుడు, అంత యుక్కు ఎందులకు? పర్యాటకశాఖవారు నా మాటకు కోపగింపరని తలచెదను.

ఆకర్షణములలో నే నగ్రతాంబూల మిచ్చునది ఆషాఢ శ్రావణములలో యానాము చేపల సంత. ఎఱ్ఱనీరు రాగానే సముద్రమునుండి ఏటికి ఎదురీదు ఇలసచేప తీపినీట పడి పులస యగును. వల వేసినవాడు పురుషుడు. వేలము మాత్రము చాలవరకు స్త్రీల రాజ్యము. తట్టలో ఆకుపై నొక్కటే చేప, వెండిబిళ్లవలె మెరయుచు, చుట్టును పదిమంది. మొప్ప యెత్తి యెఱుపు చూపి, వ్రేలితో పొట్టనొత్తి గ్రుడ్డు గలదో లేదో తేల్చి, ఆమె ధర పలుకును. ఒక్క చేప వేలరూపాయలు పలుకుట మనకు వింత కాదు. కొనువారిలో రావులపాలెమువా డుండును, కాకినాడవా డుండును, అల్లుని పిలిచిన అమలాపురపు మామగారుండును. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత పుట్టిన నేల యిది. బెండకాయలు, వంకాయలు వేసి మట్టిదాకలో సన్నని మంటపై వండి మరునాటికి మిగిల్చిన పులుసు ముందు రాష్ట్రభేదము నిలువదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైననాటినుండి ఆ చేప పైకి పోవు మార్గమునకు అడ్డు పడినది. సముద్రముఖమునకు సమీపమున యానాము ఉండుట దాని యదృష్టము.

రేవు పంట్ల కాలము 2002లో ముగిసెను. ఎదుర్లంక యానాముల నడుమ కట్టిన వారధికి జి.ఎం.సి. బాలయోగిగారి పేరు పెట్టిరి. ఎదుర్లంకలో పుట్టి, లోకసభకు సభాపతియై, ఆ సంవత్సరమే మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున అకాలమరణము నొందిన ఆ కోనసీమ బిడ్డ పేరు రెండు పాలనల నడుమ నిలుచుట మిక్కిలి యుచితము. నేడు అమలాపురమునుండి ముమ్మిడివరము, మురమళ్ల మీదుగ పోవు జాతీయరహదారి ఆగకనే యానాము దాటి కాకినాడకు సాగుచున్నది. ప్రయాణము సుఖమైనది, పంటుకై నిరీక్షించుచు రేవున టీకొట్టువానితో ఆవలియొడ్డు కబుర్లాడు నలవాటు పోయినది.

చివరగ, నాకు తోచిన పని యొకటి కలదు. ఫ్రెంచివారు జననములను, మరణములను, వివాహములను చిట్టాలలో శ్రద్ధతో వ్రాసియుంచుకొనిన జాతి. యానాము చిట్టాలు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్సు నగరపు ప్రభుత్వ పత్రాగారమున భద్రముగ నున్నవి; తెలుగు ఇంటిపేళ్లు ఫ్రెంచి వర్ణక్రమములో ఒదిగి చదువరిని తికమకపెట్టును గాని, ఉన్నవి. లేనిది మన వైపు సాక్ష్యము. గీత దాటి పోయినవారు ఎవరి పెండ్లికి, ఏ తేదీని, ఏ పందిరికి పోయిరో చెప్పు కాగితములు పత్రాగారములలో దొరకవు. అవి మన యిండ్లలో నున్నవి. 1930కిని 1954కును నడుమ అచ్చైన శుభలేఖలలో ‘యానాము’ అని వివాహస్థలము గల కాగితములు మీ భోషాణములలో, పాత పంచాంగముల మడతలలో, పెద్దల దినచర్యలలో ఉన్నచో వానిని చెదలపాలు చేయకుడు. వధువు వయస్సు కనబడునేమోయను సంకోచముతో దాచకుడు. ఖర్చుల చిట్టాలున్న మరియు మేలు. పడవకూలి యెంత, విడిదియింటి అద్దె యెంత, మేళగాండ్రకు ఇచ్చినదెంత యను లెక్కలలో మనకు కావలసిన చరిత్ర యున్నది. అసలు కాగితము మీరే యుంచుకొనవచ్చును. నకలు తీసి ఈ సభ నిర్వాహకుల కందజేసిన చాలును. ఈ మండలమున గ్రంథాలయము లున్నవి, చదువుకొనిన యువకులున్నారు, పరిశోధనకు విషయము లేదని విచారించు విద్యార్థులున్నారు. పని ఎవరు మొదలుపెట్టినను నాకు తెలిసినంతవరకు తోడ్పడుదును.